వంతెనకి ఇవతలి వైపు

నిన్న సాయంత్రం మా అపార్ట్‌మెంట్ మెట్లెక్కుతుంటే, రెండో అంతస్తులో కొత్తగా దిగినవాళ్ళ తలుపు సందులోంచి ఉడికిన శనగపప్పులో బెల్లం కరుగుతున్న వాసన, దాని వెనకే యాలకుల వాసన వచ్చాయి. ఆ వాసనకి ఎవరికైనా పండగ గుర్తొస్తుంది. నాకు మాత్రం అమ్మ మణికట్టు మీద పెనం అంచు తగిలి కాలిన మచ్చలు, వంటగది నేలంతా పరిచిన అల్యూమినియం ట్రేలు, వాటి మూతల మీద ఎవరెవరివో ఇంటిపేర్లు రాసి అంటించిన చీటీలు గుర్తొస్తాయి. నా చిన్నతనంలో చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఉగాది అంతా మా ఇంట్లోనే తయారై వాళ్ళిళ్ళకి వెళ్ళిపోయేది. మా కంచాల్లోకి చిరిగిపోయిన బొబ్బట్లు వచ్చేవి.

మేం ఎడిసన్‌లో దిగినప్పుడు నాకు నాలుగేళ్ళు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని మీద నాన్న మమ్మల్ని తెనాలి నించి తీసుకొచ్చాడు. రెండేళ్ళు తిరక్కుండా ప్రాజెక్టు పోయింది, తెచ్చిన కన్సల్టెన్సీ వాళ్ళు ఫోనెత్తడం మానేశారు, వీసా చెల్లకుండా పోయింది. వెళ్ళిపోదామని అమ్మ అంటే, ఇంకో నెల చూద్దామని నాన్న అన్నాడట. ఆ ఇంకో నెల నా బాల్యం పొడుగునా సాగింది. ఈలోగా చెల్లెలు లాస్య ఇక్కడే పుట్టింది. నాన్న ఒక గ్యాస్ స్టేషన్‌లో పనికి కుదిరాడు. మా రాష్ట్రంలో కారు నడిపేవాళ్ళు దిగి పెట్రోలు పోసుకోకూడదు, ఎవరో ఒకరు పొయ్యాలి. జనవరి గాలిలో, ఒక గ్లవ్ మీద ఇంకో గ్లవ్ తొడుక్కుని, మా నాన్న పోసేవాడు.

ఇదంతా నాకు పదిహేడేళ్ళు వచ్చాక తెలిసిన సంగతి. అప్పటిదాకా నాకు తెలిసిన లోకం వేరు. పార్కింగ్ లాట్ చివర ఒక మల్బరీ చెట్టుండేది. జూన్‌లో పళ్ళు రాలి కార్ల మీద ఊదారంగు మరకలు పడితే పెద్దవాళ్ళు తిట్టుకునేవాళ్ళు, మేం పిల్లలం మాత్రం మోచేతుల దాకా ఆ రంగు పూసుకుని, చీకటి పడుతుండగా గడ్డిలోంచి లేచే మిణుగురుల వెనక పరిగెత్తి, అమ్మలు మూడోసారి కేకేసేదాకా ఇళ్ళకి చేరేవాళ్ళం కాదు. చలికాలం కిటికీలన్నీ మూసేస్తే పోపు వాసన కోట్లలోకి ఇంకిపోయేది. స్కూల్ బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉండటానికి అదే కారణమని చాలా ఏళ్ళు అనుకున్నాను.

మా ఇంట్లో కొన్ని నియమాలుండేవి. తెలియనివాళ్ళు తలుపు కొడితే తియ్యకూడదు. పోలీసు కారు కనపడితే పరిగెత్తకూడదు, అలాగని చూడకూడదు కూడా. ఎవరడిగినా అడ్రసు చెప్పకూడదు. ప్రతి శనివారం తెలుగు రాయాలి. ఆర్డర్ చీటీల వెనక అమ్మ గుణింతాలు రాసిస్తే వాటి కింద నేను దిద్దేదాన్ని. నా స్నేహితురాలు శ్రావ్యని వాళ్ళమ్మ మన భాష మర్చిపోకూడదని తెలుగు బడికి పంపేది. మా అమ్మ కారణం వేరు. ఒకరోజు ఎందుకమ్మా నాకివన్నీ అని ఏడిస్తే, "ఎప్పుడైనా ఎల్లాల్సొస్తే అక్కడ అక్షరమ్ముక్క రానిదానివయిపోతావే" అంది. ఎక్కడికి వెళ్ళాల్సొస్తుందో నేను అడగలేదు. ఈ నాలుగు మాటలు తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆ భయం పుణ్యమే.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, శ్రావ్య వాళ్ళు పట్టుబడితే కాదనలేక, వాళ్ళ వ్యాన్‌లో నయాగరా వెళ్ళాం. అమ్మ పులిహోర, పెరుగన్నం, ఊరమిరపకాయలు కట్టింది. నాన్న దారి పొడుగునా అద్దంలో వెనక వచ్చే కార్లే చూస్తూ కూచున్నాడు. అక్కడ నది మీద ఒక వంతెనుంది, దాటితే కెనడా. శ్రావ్య వాళ్ళకి గ్రీన్‌కార్డులొచ్చాయి కనక పాస్‌పోర్టులు పట్టుకుని బయల్దేరారు. "రండి అన్నా, నడిచెళ్ళే దూరమే" అన్నాడు వాళ్ళ నాన్న. మా నాన్న జేబులు తడుముకున్నట్టు నటించి, పాస్‌పోర్టులు ఇంట్లో మర్చిపోయామన్నాడు. వాళ్ళు వంతెనెక్కి చిన్నగా అయిపోతుంటే నా భుజం మీద చెయ్యేసి, "ఇటేపు నించే బాగా కనపడుద్ది అమ్మడూ" అన్నాడు.

ఇటువైపు నించి కనపడేది నీళ్ళ వీపే. ఆ సంగతి అక్కడికి వెళ్ళిన ప్రతివాళ్ళకీ తెలుసు. సాయంత్రం శ్రావ్య తిరిగొచ్చి, అటువైపు నించి మొత్తం జలపాతం తీసిన ఫోటోలు చూపిస్తే, కాదు, ఇటువైపే బాగుంటుంది, మా నాన్న చెప్పాడు అని దానితో పోట్లాడి, ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. నాన్న ముందు సీట్లో కూచుని అంతా విన్నాడు.

పన్నెండో తరగతిలో, స్కూలు లైబ్రరీలో మా అందరినీ కంప్యూటర్ల ముందు కూచోబెట్టి కాలేజీ ఫీజులకి ప్రభుత్వమిచ్చే సాయం కోసం ఫారం నింపించారు. ఆ ఏడు మా క్లాసులో బయాలజీలో నేనే ఫస్టు. పేరు, పుట్టినతేదీ అయ్యాక ఇక్కడ అందరికీ ఉంటుందనుకున్న తొమ్మిదంకెల సోషల్ సెక్యూరిటీ నంబరు అడిగింది. బయటికెళ్ళి అమ్మకి ఫోన్ చేసి, నా నంబరెంత అన్నాను. "ఇంటికి రా" అంది.

వెళ్ళేసరికి గోంగూర ఒలుస్తోంది. తలెత్తకుండానే చెప్పింది.

"నీకు లేదు అమ్మడూ."

"లేదంటే? పోయిందా?"

"ఎప్పుడూ లేదు. మీ నాన్న వీసా ఎప్పుడో పోయింది. మనకి కాయితాల్లేవు."

"మరి లాస్యకి?"

"దానికుంది. అది ఇక్కడ పుట్టింది."

లాస్య పక్కగదిలో కార్టూన్ చూస్తూ నవ్వుతోంది. నాకప్పుడు అమ్మ మీద కన్నా, నాన్న మీద కన్నా, ఆ నవ్వు మీద ఎక్కువ కోపమొచ్చింది. నాకెందుకు ముందే చెప్పలేదని అరిచాను. అమ్మ కాడలన్నీ పేపర్లో చుట్టి, "చెబితే చదవడం మానేస్తావని" అంది.

విషయం ఎలా పాకిందో తెలియదు. శ్రావ్య వాళ్ళమ్మ మనవాళ్ళ షాపులుండే ఓక్‌ట్రీ రోడ్డు మీద కనపడితే, "పాపం, అంత తెలివైన పిల్ల" అని నా చెంప నిమిరింది. ఆ వారం నించి నన్ను రోజూలా వాళ్ళ కారులో స్కూల్‌కి తీసుకెళ్ళడానికి కుదరదంది. బొబ్బట్ల ఆర్డరు మాత్రం మానలేదు.

పెద్ద యూనివర్సిటీలో సీటొచ్చినా వెళ్ళలేకపోయాను. రెండు బస్సులు మారి, తక్కువ ఫీజుండే కౌంటీ కాలేజీకి, అక్కణ్ణించి ఇంకో కాలేజీకి వెళ్ళి, అందరూ నాలుగేళ్ళలో చేసేది ఆరేళ్ళలో చేశాను. చివరి ఏడు ఒక ప్రొఫెసర్ పిలిచి తన ల్యాబ్‌లో ఉద్యోగమిస్తానంది. చేరాలంటే పని చెయ్యడానికి అనుమతి కాగితం చూపించాలి. నాకు రీసెర్చ్ అంటే ఆసక్తి లేదండీ అని చెప్పాను. ఆవిడ మొహంలో కనపడిన నిరాశ, నా గురించి ఎవరైనా పడ్డ నిరాశల్లోకెల్లా నిజమైనది. డిగ్రీ వచ్చాక ఒక చర్చి బేస్‌మెంట్‌లో ఉచితంగా సలహా చెప్పే లాయర్‌ని కలిశాను. లాస్యకి ఇరవై ఒకటి నిండితే అమ్మానాన్నల గ్రీన్‌కార్డుల కోసం అప్లై చెయ్యొచ్చు అన్నాడు. మరి నాకు? తోబుట్టువుల వరస చాలా పొడుగు, ఒకవేళ నీ వంతు వచ్చినా, వీసా గడువు దాటి ఇక్కడే ఉండిపోయావు కనక ఇక్కడ కార్డివ్వరు అన్నాడు. అమ్మానాన్నల సంగతి మాత్రం ఇంట్లో చెప్పాను. నా సంగతి చెప్పలేదు.

ఇప్పుడు నేను అమ్మ వంటగదిలో సాంబారు డబ్బాలకి మూతలు పెడతాను. మల్బరీ చెట్టు కొట్టేసి అక్కడ ఇంకో రెండు కార్లకి గీతలు గీశారు. అప్పటి తెలుగు కుటుంబాల్లో ఒక్కటీ ఈ అపార్ట్‌మెంట్లలో లేదు, అందరూ ఇళ్ళు కొనుక్కుని వెళ్ళిపోయారు. శ్రావ్య దేశానికి అటు చివర బాతెల్‌లో ఏదో మందుల కంపెనీలో పనిచేస్తోందని విన్నాను. చీకట్లో కేకేసి పిల్లల్ని పిలిచే అమ్మల గొంతులు వినపడవు. మా అమ్మ అసలు గట్టిగా మాట్లాడటమే మానేసింది. ఈ మధ్య కాయితాల్లేనివాళ్ళని ఇళ్ళకొచ్చి పట్టుకెళ్తున్న వార్తలు చూసి తలుపు చప్పుడైతే ఉలిక్కిపడుతోంది.

పోయిన ఏడు లాస్య అదే ఫారం తెరిచింది. దానికి నంబరుంది, కానీ అమ్మానాన్నల వివరాలూ అడ్రసూ ఇవ్వాలి. "వద్దు, మనమే వాళ్ళకి దారి చూపించినట్టు ఉంటది" అంది అమ్మ. లాస్య నా వైపు చూసింది. నేను మూడు రోజులు నోరు విప్పలేదు. జాగ్రత్త కోసమని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి అది కూడా ఇక్కడే ఉండిపోతుందన్న ఆలోచన నాకు హాయిగా ఉంది. నాలుగో రోజు అన్నం తింటున్నప్పుడు అది పెరుగు గిన్నె జరిపి, "ఇట్స్ ఓకే అక్కా, నేనూ కౌంటీకే వెళ్తా" అంది. అమ్మతో పోట్లాడి, చెయ్యి కడుక్కుని, పక్కన కూచుని ఆ ఫారం నేనే పంపించాను.

ఆగస్టులో దాన్ని హాస్టల్లో దింపడానికి వెళ్ళాం. దుప్పటి పరిచి, ఊరగాయ సీసాలు బీరువాలో సర్ది, మేం వచ్చేస్తుంటే కారు దాకా వచ్చింది.

"అక్కా, నాకు ట్వెంటీ వన్ రాగానే ఫస్ట్ నీకే అప్లై చేస్తా. ప్రామిస్."

"సరే" అన్నాను. నాన్న కారు స్టార్ట్ చేశాడు.