బొట్టు పెట్టించుకున్న హార్డ్ డిస్కు

2023 అక్టోబరు 10, మంగళవారం, ఉదయం పదకొండు గంటలు. జంషెడ్‌పూర్ సీతారామ్‌డేరాలో మా ఫోటో, వీడియోల కొట్టు. ఆ నెలంతా మాకు ఒకటే పని. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కుల్లో, అంటే కంప్యూటరుకి బయటనుంచి వైరుతో తగిలించే డబ్బాల్లో, ఏళ్ల తరబడి పోగుపడ్డ పెళ్లిళ్లూ సంబరాలూ క్లౌడులోకి ఎక్కించడం. క్లౌడంటే ఆకాశంలో ఏమీ ఉండదు. ఎక్కడో ఒక కంపెనీ గదుల్లో మన ఫైళ్లు అద్దెకుంటాయి. మన డిస్కు చచ్చినా అవి బతికుంటాయి. అంతే సంగతి.

షూటింగు నాది, కంప్యూటరు మా హిందీ కోడలు రేఖది. నాకు అక్షరాలు వచ్చిందే నలభై దాటాక. వచ్చిన కొత్తలో మోజుకొద్దీ ఫోల్డర్లకి బారెడు పేర్లు పెట్టేవాణ్ణి. ‘గమ్హరియా సంబరం వాన పడింది రాములు తప్పెటగుళ్లు’ అని ఒకటి. రేఖ వాటిని చదివి ఇప్పటికీ నవ్వుతుంది.

సరిగ్గా ఆ ఫోల్డరు కోసమే ఆ పూట అప్పలరాజు వచ్చాడు. ఊరి పక్కన గమ్హరియాలో ఒక ఫ్యాక్టరీలో క్రేనుకి సరుకు తగిలించే ఖలాసీ. వాళ్ల అన్న రాములు తప్పెటగుళ్ల జట్టుకి పెద్ద. గుండె మీద రేకు తప్పెట, కాళ్లకి గజ్జెలు కట్టి, కథ పాడుతూ గంతులేసే ఆట అది. శ్రీకాకుళం, విజయనగరం వైపునుంచి పనికొచ్చినవాళ్లు వెంట తెచ్చుకున్నారు. రాములు పోయి ఏడాదైంది.

"మావా, అన్న ఆట వీడియో నీ కాడ ఉందేటి?"

"ఉంది. ఇప్పుడేం తొందరొచ్చింది?"

"కతలో నడుమ ముక్క నాకు రాటం లేదు. గొల్లోడు ఏరు దాటినకాడికి వత్తాను, ఆపైని నోరు కట్టీసినట్టుంటాది. దసరా సంబరానికి కుర్రోళ్లు గజ్జెలు కట్టీసుకుని కూకున్నారు. సగంలో ఆపీసినామంటే మరి మనల్నెవుడూ పిలవడు. నాను తప్పెట దించీడమే."

"జట్టులో ఇంకెవరికీ రాదా?"

"అన్నొక్కడికే వచ్చు. నాను ఎనకాల వంత పాడీవోణ్ణి."

రేఖ ఆ ఫోల్డరున్న డిస్కు తగిలించింది. లైటు వెలగలేదు. వైరు మార్చింది. వెలగలేదు. వైరు పెట్టే కన్నంలోకి, అదే పోర్టులోకి, టార్చి వేసి చూసింది.

"మామయ్యా, యే క్యా హై?" అంది, ఇదేంటని.

గుండుసూదితో గీకితే ఎర్రగా, పసుప్పచ్చగా ఒక ముద్ద ఊడింది. మా ఊళ్లో విశ్వకర్మ పూజనాడు కార్ఖానాలో క్రేను నుంచి వీధిలో రిక్షా దాకా పనిముట్లన్నిటికీ పూజ చేస్తారు. మా కొట్లో కెమెరాలకీ డిస్కులకీ మా ఇంటావిడ పైడమ్మ బొట్టు పెడుతుంది. ఏటేటా ఈ డిస్కుకి సరిగ్గా కన్నం మీదే పెట్టింది.

"పూజా డబ్బే కీ కరో నా అమ్మా, పోర్ట్ కీ క్యోఁ?" అంది రేఖ. పైన డబ్బాకి చేసుకోవచ్చుగా అని.

పైడమ్మ తగ్గలేదు. "బొట్టు మొకానికెడతారు గానీ ఈపుకెడతారేటే? దీనికి మొకమంటే అదే కదా!"

నవ్వడానికి అప్పలరాజుకి ఓపిక లేదు. రేఖ డబ్బా విప్పి, లోపలి డిస్కు తీసి వేరే డబ్బాలో బిగించింది. ఈసారి తిరిగింది, కానీ టిక్కు టిక్కుమంటూ. ఆ చప్పుడొస్తే ఆయుష్షు అయిపోయినట్టే. అలాంటి డిస్కు మీద ఏదీ ఆడించి చూడకూడదు. ముందు కాపీ, తర్వాతే చూడ్డం. ఆ ఫోల్డరే మొదట పెట్టమన్నాను.

"ఒక్క ముక్క ఇనిపించీ అమ్మా, ఆ ముక్కే," అన్నాడు అప్పలరాజు.

"నోరు మూసుకుని కూర్చోరా. ఇది చస్తే నీ అన్నతో పాటే పోద్ది," అన్నాను.

సగానికొచ్చి కాపీ ఆగిపోయింది. రేఖ దేన్నీ ముట్టుకోలేదు. మమ్మల్నీ ముట్టుకోనివ్వలేదు. అప్పలరాజు స్టూలు అంచున కూర్చుని మోకాళ్లు నలుపుకుంటున్నాడు. చాలాసేపటికి మళ్లీ కదిలి, ఆ ఫోల్డరు మొత్తం దిగింది. కాపీని క్లౌడుకి ఎక్కించడానికి పెట్టి, తెర మీద ఆడించింది.

వాన. తడిసిన ట్యూబులైట్లు. ఆనాటి సంబరంలో టీ కాచిన మనిషి కూడా ఓ మూల కనిపించాడు. రాములు గొల్లవాణ్ణి ఏరు దాటించాడు. అక్కడ దగ్గు ముంచుకొచ్చి గొంతు పడిపోయింది. తప్పెట ఆపకుండానే వరస చివరికి చెయ్యి చాపాడు. బక్కపల్చటి మనిషొకడు ముందుకి దూకి పాట అందుకున్నాడు.

"ఆడెవుడు?" అన్నాడు అప్పలరాజు.

"నువ్వేరా, ఎర్రిమొకమా," అంది పైడమ్మ.

"కాదత్తా, అన్నే పాడినాడు. నాకు తెల్దేటి?"

తెర మీది మనిషి పాడుతున్నాడు. కాసేపటికి అప్పలరాజు పెదాలు కదిలాయి. వేళ్లు మా కౌంటరు అద్దం మీద దరువు వేశాయి. తర్వాత చరణం తెరకన్నా ముందే అతని నోట్లోంచి వచ్చింది.

"ఫిర్ సే చలాఊఁ, చాచా?" మళ్లీ వెయ్యనా అని అడిగింది రేఖ.

"ఒద్దమ్మా. వచ్చీసింది."

ఆ డిస్కులో మిగతావాటిలో సగమే దక్కింది. పోయినవి పోయాయి. కానీ నేను నేర్చుకున్నది వేరే. బాగా ఇష్టమైనవాళ్లకి మనం మన సొంతవి కూడా కట్టబెట్టేస్తాం, ఆ సంగతి మనకే గుర్తుండదు. అందుకే ‘ఇదిప్పుడెవరికి కావాలి’ అని పాత ఫైలు ఏదీ చెరపనివ్వను.

ఆ రోజు కొట్లో ఉన్నది నేను, అంటే సన్యాసిరావు, మా ఇంటావిడ పైడమ్మ, కోడలు రేఖ, గమ్హరియా అప్పలరాజు. తెర మీద రాములు, తమ్ముడివైపు చెయ్యి చాపి.