తిరిగొచ్చిన ఇరవై నాలుగు కిలోలతో వడపళనికి

గత మంగళవారం ఉదయం ఎనిమిది గంటల యాభై నిమిషాలకు, చెన్నై వడపళనిలోని ఒక ఆసుపత్రి రెండో అంతస్తులో, తూకం యంత్రం నా బరువు 98.4 కిలోలని చూపించింది. ఏడేళ్ల కిందట అదే అంతస్తులో, పొట్ట తగ్గించే ఆపరేషన్‌కు ముందు రోజు, నా బరువు 121. ఆపరేషన్ అయిన ఏడాదిన్నరకు 74కు దిగాను. అంటే పోయిన దానిలో సగానికి పైగా తిరిగి వచ్చేసింది. ఈ ప్రయాణం ఆ సగం గురించే. ఇలాంటి ఆపరేషన్ చేయించుకుని, కొన్నేళ్లయ్యాక మళ్లీ ఆసుపత్రి మెట్లెక్కడానికి వెనకాడుతున్న వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

నేను నెల్లూరులో విలేకరిని. వయసు యాభై రెండు. ఏటా ఒకసారి వచ్చి చూపించుకోవాలని డిశ్చార్జి కాగితం మీద స్పష్టంగా రాసి ఉంది. మూడేళ్లు వెళ్లాను. నాలుగో ఏడు నాలుగు కిలోలు పెరిగాను, వెళ్లలేదు. ఎన్నికలు, తుపాను, ఆఫీసులో మనుషుల కొరత అని కారణాలు చెప్పుకున్నాను. అసలు కారణం ఒక్కటే, తూకం చూడదలుచుకోలేదు. ఆపరేషన్ అయిన ఆరు నెలలకు మానేసిన చక్కెర వ్యాధి మాత్ర పోయిన నెల మళ్లీ మొదలైంది. దాంతో రెండో ఆపరేషన్ అడగాలని నిర్ణయించుకున్నాను. నెల రోజుల సెలవుకు కాగితం పెట్టాను. మంజూరు కూడా అయింది.

నెల్లూరు నుంచి చెన్నై సెంట్రల్‌కు రైల్లో సుమారు మూడు గంటలు. తెల్లవారుజామున ఐదుకు ముందే బయలుదేరే బండి ఎక్కితే ఎనిమిదిలోపు దిగవచ్చు. రిజర్వేషన్‌తో కూర్చునే సీటుకు వంద రూపాయలకు కాస్త పైన అవుతుంది. ఎండోస్కోపీ ఉంది కాబట్టి రాత్రి పదినుంచి ఏమీ తినకూడదు, తెల్లవారాక నీళ్లు కూడా తాగకూడదు. గూడూరులో ఇడ్లీ వడల బుట్టలు ఎక్కాయి. సూళ్లూరుపేట దాటేదాకా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. సెంట్రల్‌లో దిగి, మెట్రోలో ఆకుపచ్చ లైను పట్టుకుంటే అరగంటలో వడపళని. టికెట్టు యాభై రూపాయల లోపే. పొద్దున ఆ వేళకు రోడ్డు మీద ఆటోకు గంటకు పైన పడుతుంది కాబట్టి మెట్రో మేలు.

ఆసుపత్రి గేటు దగ్గర కస్తూరక్క నిలబడి ఉంది. ఏడేళ్ల కిందట నా పక్క మంచం ఆమెది. అదే వారం, అదే ఆపరేషన్. ఊరు రాయపురం. వాళ్ల తాతముత్తాతల కాలం నుంచీ అక్కడే ఉంటున్న తెలుగు కుటుంబం. భర్త మునిరత్నం చేపల రేవులో ఐసు సరఫరా చేస్తాడు. ఎండోస్కోపీకి మత్తు ఇస్తారు కాబట్టి తోడు మనిషి లేనిదే లోపలికి తీసుకోరు. ఆమె వస్తానంది.

నన్ను పైనుంచి కింద దాకా చూసి, నా చేతిసంచి అందుకుంది. లిఫ్టులో అడిగింది.

"ఏం సుమతీ, నాలుగేండ్లుగా ఫోన్లో బరువు మాటెత్తితే మాట మార్చేస్తివి. నేనేమన్నా పేపర్లో వేస్తానా? వేసే పని నీది కదా."

"నీకెంత పెరిగిందక్కా?"

"పన్నెండు వచ్చె. అయిదు పోయె. ఏడు నాతోనే ఉండాయి. ఆరు నెలలకోసారి ఈడికొచ్చి డాక్టరుకు చూపించి పోతా ఉండా."

ఎండోస్కోపీకి పట్టింది పది నిమిషాలే. మత్తు దిగడానికి గంట పట్టింది. పదకొండున్నరకు డాక్టరు పిలిచారు. ఆయనది తమిళమే కానీ, నెల్లూరు, తిరుపతి నుంచి వచ్చే వాళ్లతో మాట్లాడి మాట్లాడి తెలుగు పట్టుబడింది. తెర మీద నా పొట్ట లోపలి బొమ్మ చూపించారు. ఆపరేషన్‌లో పొట్టను కుట్టి సన్నగా చేసిన గొట్టం కాస్త వెడల్పయింది కానీ, ఏడేళ్లకు అది మామూలేనట. రక్తంలో బి12, ఇనుము తక్కువ ఉన్నాయి, సూదులు రాశారు. నేను రెండో ఆపరేషన్ మాట ఎత్తాను. సెలవు కూడా తీసుకున్నానని చెప్పాను.

"చెయ్యొచ్చు. చేసే అవసరం మీ పొట్టలో నాకు కనపడలేదు. ఇప్పుడు చేస్తే, ఇదే భోజనం ఆ పొట్టలోకి కూడా పోతుంది. ముందు భోజనం చూద్దాం. మూడు నెలలు. తగ్గకపోతే మందులున్నాయి, ఆపరేషన్ ఉంది. అన్నీ అప్పుడు మాట్లాడదాం."

"నా తప్పేనా డాక్టర్?"

"బరువు తిరిగి రావడం తప్పు కాదమ్మా. శరీరం పోగొట్టుకున్నది వెనక్కి తెచ్చుకోవాలనే చూస్తుంది. నాలుగేళ్లు ఇటు రాలేదు చూడండి, అది తప్పు."

అక్కడి నుంచి డైటీషియన్ గదికి పంపారు. పేరు హేమ. అంబత్తూరులో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. ముప్పయ్యేళ్లుంటాయి. వారం రోజులు తిన్నవన్నీ రాసుకుని రమ్మని ముందే ఫోన్లో చెప్పింది. నేను రాసే పని చేసేదాన్నే కాబట్టి టైముతో సహా రాశాను. అన్నం అరకప్పు, చారు, పెరుగు. రాత్రి ఒక ఇడ్లీ. ఒక్క అబద్ధం లేదు. ఆ లెక్కన చూస్తే ఎవరైనా ఈవిడ బరువు ఎలా పెరిగిందని ఆశ్చర్యపోవాలి. నిజానికి నా వాదన కూడా అదే.

హేమ రెండు పేజీలూ చదివింది.

"మేడం, దీంట్లో కాఫీ ఏదీ?"

"మీరు తిన్నవి కదా రాయమన్నది."

"సెరి. దినానికి ఎన్ని తాగుతారు?"

వేళ్ల మీద లెక్కపెట్టాను. కలెక్టరాఫీసులో ఒకటి, పోలీసుస్టేషన్లో ఒకటి, ఎవరింటికి మాట్లాడించడానికి వెళితే అక్కడొకటి. ఇచ్చిన కాఫీ వద్దంటే ఎదుటి మనిషి బిగుసుకుంటాడు, తాగితే నోరు విప్పుతాడు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేను నమ్మిన పద్ధతి ఇది. మొత్తం ఆరు లెక్క తేలింది. అన్నీ చక్కెరతోనే. వేసవిలో మధ్యమధ్య మజ్జిగ, చెరుకురసం వేరే.

హేమ ఏమీ రాసుకోలేదు. కాగితాలు పక్కన పెట్టి, "ఒంటిగంటకి కింద క్యాంటీన్‌కి పోదాం. మీరు నాకు చెప్పద్దు, నా ఎదురుగా తినండి," అంది.

క్యాంటీన్ భోజనం నూట ఇరవై రూపాయలు. అన్నం, సాంబారు, పప్పు వేసిన సొరకాయ కూటు, బీన్స్ కూర, ఉడకబెట్టిన శనగలు, రసం, పెరుగు, గ్లాసు మజ్జిగ. ఎదురుగా హేమ, పక్కన కస్తూరక్క. నేను రోజూ తిన్నట్టే తిన్నాను. మూడు చెంచాల అన్నంలో రసం పోసి మెత్తగా పిసికాను. మధ్యలో రెండు గుక్కలు మజ్జిగ. తర్వాత పెరుగన్నం, అదీ మజ్జిగ పోసి జారుగా కలుపుకుని. పన్నెండు నిమిషాల్లో లేవబోయాను. పొట్ట నిండినట్టే ఉంది.

"కూచోండి మేడం," అంది హేమ. "ప్లేట్లో ఏముందో చూడండి."

కూటు, బీన్స్, శనగలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"ఇది మీకు ఎవరు నేర్పించినారు?"

"మీ ఆసుపత్రిలోనే," అన్నాను. ఆ మాట నిజం. ఆపరేషన్ అయ్యాక మొదటి నెల గంజి, పాలు. రెండో నెల మెత్తగా పిసికిన రసం అన్నం, పెరుగన్నం. మూడో నెల నుంచి పప్పు, కూర, గుడ్డు, నమిలి తినేవి మొదలుపెట్టమన్నారు. మొదలుపెట్టాను కూడా. కానీ గబగబా తింటే కూర గుండెల దగ్గర పట్టేసేది. పెరుగన్నం అయితే జారిపోయేది. రెండు ప్రెస్‌మీట్ల మధ్య పది నిమిషాల్లో భోజనం చేసేదానికి ఏది వీలు? పైగా మా ఇంట్లో పెరుగన్నం తినకుండా లేస్తే భోజనం చేసినట్టే కాదు. పొట్టలో చోటు తక్కువ కాబట్టి, ఆ చోటు పెరుగుకు దాచిపెట్టి కూర వదిలేయడం అలవాటైంది. ఏడేళ్లు గడిచాయి కానీ, నా భోజనం రెండో నెల దగ్గరే ఆగిపోయింది.

"ఇది గంటన్నరలో పొట్టలోంచి జారిపోతుంది. నాలుగింటికి మళ్లా ఆకలేస్తుంది, నిజమా కాదా?"

"నాలుగు కూడా కాదు, మూడున్నరకే."

"అప్పుడు కాఫీ, రెండు బిస్కెట్లు. ఆమా, అవునా?"

నా కాఫీ పద్ధతి తెలిసిన కస్తూరక్క అందుకుంది. "ఆ పాపని ఉద్యోగం మానిపించి నీ పేపర్లో పెట్టుకో సుమతీ. ఎంత బాగా నోరు విప్పిస్తా ఉందో చూడు. కాఫీ కూడా పొయ్యలా."

హేమ చెప్పిన మార్పు ఇంతే. భోజనం ఇంతవరకు ఏ వరసలో తిన్నానో దానికి తలకిందులు. ముందు పప్పో, గుడ్డో, చేపో, శనగలో. తర్వాత కూర. చోటుంటే ఆఖరున రెండు ముద్దల అన్నం. పెరుగు గట్టిది, నమిలే ముక్కలతో కలిపి. తినేటప్పుడూ, తిన్న అరగంట దాకా నీళ్లు, మజ్జిగ, కాఫీ ఏవీ వద్దు. భోజనానికి ఇరవై ఐదు నిమిషాలు. చక్కెర కాఫీ రోజుకు ఒకటి. ఎదుటి వాళ్లు ఇచ్చినప్పుడు ఏం చేయాలని అడిగాను. "చక్కెర లేకుండా అడగండి, రెండు గుక్కలు తాగి పక్కన పెట్టండి. వాళ్లు మాట్లాడతారో లేదో చూసి నాకు చెప్పండి," అంది.

మూడున్నరకు బయటపడ్డాం. మత్తు ఇచ్చిన రోజు ఒంటరిగా రైలెక్కవద్దన్నారు కాబట్టి రాత్రికి రాయపురంలోనే ఉండాలనుకున్నాను. ఆటోవాడు నాలుగు వందలన్నాడు. మేం తెలుగులో మాట్లాడుకోవడం విని, మూడు వందల యాభైకి దిగాడు.

"నెల్లూరామ్మా మీది? మా అమ్మ పుట్టిల్లు తడ దగ్గర. ఆడికి పోయి పదేండ్లయింది. ఆస్పత్రిలో ఎవరికి బాలేదు?"

"నాకే."

అద్దంలోంచి చూశాడు. "చూస్తే బాగానే ఉండారే," అన్నాడు. ఆ రోజు నా శరీరం గురించి విన్న మాటల్లో ఉచితంగా దొరికింది అదొక్కటే.

రాయపురంలో కస్తూరక్క ఇల్లు రేవుకు నాలుగు వీధుల అవతల. ఆరున్నరకు పళ్లెం పెట్టింది. రెండు వంజరం చేప ముక్కలు, సొరచేపను పొడిపొడిగా వండిన కాస్త సొర్రపుట్టు, ముల్లంగి కూర. అన్నం లేదు. మునిరత్నం అప్పుడే పనినుంచి వచ్చాడు. నా పళ్లెం చూసి చెప్పులు కూడా విప్పకుండా నిలబడిపోయాడు.

"ఏం కస్తూరీ, నెల్లూరు నుంచి వచ్చిన మనిషికి అన్నం పెట్టకుండా చేప పెడితివి? మనింటి పిల్లికి పెట్టినట్టుంది."

"పిల్లిని చూడు, ఎంత సన్నంగా ఉందో," అంది కస్తూరక్క. "నువ్వు కాళ్లు కడుక్కుని రా."

చేప నమిలి తినడానికి ఇరవై ఏడు నిమిషాలు పట్టింది. ఒకసారి గుండెల దగ్గర పట్టినట్టయింది, ఆగాను, దిగిపోయింది. రెండు ముద్దల అన్నం కోసం పళ్లెం చాచేసరికి చోటు లేదు. ఆకలి మళ్లీ వేసింది మర్నాడు పొద్దున ఆరింటికి. ఒక్క భోజనంతో ఏదీ రుజువు కాదు, ఆ సంగతి నాకు తెలుసు. కానీ రెండున్నర గంటలకే ఆకలేయడానికి అలవాటు పడినదాన్ని కాబట్టి ఆ పదకొండు గంటలు నాకు వార్తే. బుధవారం ఉదయం బండికి నెల్లూరు చేరాను. మధ్యాహ్నానికి సెలవు కాగితం వెనక్కి తీసుకున్నాను.

నాలుగేళ్లు నేను తప్పించుకు తిరిగింది తూకం యంత్రాన్ని అనుకున్నాను. దాని మీద నిలబడడానికి పట్టింది నాలుగు సెకన్లు. అక్కడ నన్ను ఎవరూ నిందించలేదు. ఎదుటి వాళ్లు చెప్పింది నమ్మకుండా వెళ్లి చూసి రావాలని ముప్పై ఏళ్లుగా కొత్తగా చేరిన వాళ్లకు చెబుతున్నాను. నా పళ్లెం విషయంలో మాత్రం నేను చెప్పిందే నేను నమ్మాను. చూసిన మనిషి ఎవరూ లేరు. 74కు మళ్లీ దిగుతానని అనుకోవడం లేదు, డాక్టరు కూడా ఆ మాట అనలేదు. మాత్ర ఆగితే చాలు, మోకాళ్లు మెట్లెక్కనిస్తే చాలు. వెళ్లేవాళ్లకు ఒక్కటే సూచన. డైటీషియన్ అపాయింట్‌మెంట్ మధ్యాహ్న భోజనం వేళకు అడిగి తీసుకోండి. ఏం తింటున్నారో చెప్పవద్దు, ఎదురుగా కూర్చుని తినండి.

వచ్చే పన్నెండు వారాలూ ప్రతి మంగళవారం ఉదయం తూకం చూసుకుని హేమకు పంపాలి. పన్నెండో మంగళవారం నేనే వడపళని వెళ్లాలి. ఎనిమిదిన్నరకు రక్తపరీక్ష, తొమ్మిదికి తూకం, పదకొండున్నరకు డాక్టరు. చక్కెర మాత్ర ఆపాలా, బరువు తగ్గే మందులు మొదలుపెట్టాలా, రెండో ఆపరేషన్‌కు పేరు రాయించాలా అన్నది ఆ గదిలో తేలుతుంది.