బస్ అన్నకొద్దీ వడ్డించిన ఇల్లు

ఆ రోజుల్లో మాకు విదేశం అంటే దుబాయి ఒక్కటే. నాచారం పారిశ్రామికవాడలో మా షెడ్డు చుట్టుపక్కల ఎవరైనా విమానం ఎక్కారంటే దుబాయికో మస్కట్‌కో పోయినట్టే లెక్క. వచ్చేటప్పుడు మందపాటి దుప్పట్లు, సెంటు సీసాలు తెస్తారు. మాకు తెలిసిన భూగోళం అంతవరకే. అందుకే బిస్కెట్లు ప్యాకింగ్ చేసే మెషీన్లు తయారుచేసే మా కంపెనీ సార్ ఒక పొద్దున నన్ను పిలిచి, "మొరాకో పోవాలె, తయారుండు" అన్నప్పుడు, "అట్లనే సార్" అని ధైర్యంగా బయటికొచ్చి నేను చేసిన మొదటి పని, అదెక్కడుందో నలుగురిని మెల్లగా ఆరా తీయడం. ఉప్పల్‌లో మేం అద్దెకుండే గల్లీలో మా అమ్మ అందరికీ "మావోడు మొరాకో అనే కంపెనీల జేరిండు" అని చెప్పుకుంది. (అది కంపెనీ కాదమ్మా, దేశం అని నేను సరిదిద్దబోతే, "ఏదైతేంది, దూరమే గదా" అనేసింది.) నాకు అప్పటికి పెళ్ళి కాలేదు, జీతం పెరగలేదు, మీసం కూడా ఒక పక్కే సరిగ్గా వచ్చింది. అయినా ప్రపంచం మొత్తం నాకోసం ఎదురుచూస్తోందని మాత్రం గట్టి నమ్మకం.

నాతోపాటు వచ్చింది మామ. సొంత మామ కాదు. మా షెడ్డులో సెక్యూరిటీ గార్డు దగ్గర్నుంచి సార్ దాకా అందరికీ ఆయన మామే. జనగాం దగ్గరి పల్లె నుంచి వచ్చి బోడుప్పల్‌లో స్థిరపడ్డ సీనియర్ ఫిట్టర్. మనిషి బండలా ఉండేవాడు, మనసు మాత్రం వెన్న, అదీ అన్నం దొరికినంతవరకే. పొద్దున అన్నం, మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం. ఎండాకాలమైనా వానాకాలమైనా డబ్బాలో పచ్చిపులుసు ఉండాల్సిందే. అలాంటి మనిషిని కాసాబ్లాంకా ఊరి చివర ఒక బిస్కెట్ ఫ్యాక్టరీ పక్కన గెస్ట్‌హౌస్‌లో దించారు. మొదటిరోజు వీధి చివరి హోటల్లో కూర అని తెచ్చిపెట్టింది నోట్లో పెట్టుకుని, "అల్లుడా, కూరల చక్కెర ఏసిన్రు!" అని ఆయన లేచి నిలబడిన తీరు నాకిప్పటికీ కళ్ళముందుంది. ఆ తర్వాత ఇక హోటల్ గడప తొక్కలేదు. రొట్టె, పెరుగు, అరటిపండు. పెరుగు కూడా తియ్యటిదే దొరికిన రోజున రొట్టె, అరటిపండు. మా అమ్మ కట్టిచ్చిన కారప్పూస విమానం దిగకముందే సగం అయిపోయింది, మిగతా సగం మామ దిగులు తీర్చడానికి సరిపోయింది.

అలా ఒక వారం గడిచేసరికి మామ ప్యాంటు వదులైంది, కోపం బిగుసుకుంది. ఒకరోజు మెషీన్ కింద పడుకుని బోల్టు బిగిస్తూనే, "రేపు సార్‌కు ఫోన్ జేస్త. టికెట్ జేసి తోలిస్తే సరి, లేకుంటే నడుసుకుంటనన్న పోత" అన్నాడు. నేను వైర్లు కలిపేవాణ్ణి. గొలుసులు, పళ్ళచక్రాలు, బెల్టులు అన్నీ ఆయన విద్య. ఆయన వెళ్ళిపోతే సగం బిగించిన ఆ మెషీన్ పక్కన భాష రాని ఊళ్ళో నేనొక్కణ్ణే నిలబడాలి, ఆపైన నాచారం తిరిగొస్తే సార్ ఎదుట ఇంకోసారి నిలబడాలి. "జర ఓపిక పట్టు మామా" అని బతిమాలాను. "ఓపిక ఉండాలంటే కడుపుల ఏమన్న ఉండాలె గదరా" అన్నాడు.

సరిగ్గా ఆ రోజే ఆ ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ మమ్మల్ని సాయంత్రం భోజనానికి పిలిచాడు. మామ ఆయనకు సలాం సాబ్ అని పేరు పెట్టాడు, ఎందుకంటే ఎదురుపడ్డ ప్రతిసారీ చెయ్యి కలిపి, ఆ చేతిని తన గుండె మీద పెట్టుకునేవాడు. ఆయనకు వచ్చిన ఇంగ్లీషు గుడ్, నో గుడ్, టుమారో. నాకొచ్చిన ఆయన భాష సున్న. మామ మాత్రం ఆయనతో మన ఉప్పల్ రింగురోడ్డులో ఆటోవాళ్ళతో మాట్లాడే హిందీలో నిర్భయంగా మాట్లాడేవాడు. (అర్థం కాదు మామా అంటే, "సలాం అంటుండు, అల్లా అంటుండు, మన హిందీ ఎందుకు రాదు?" అని వాదించేవాడు.) సలాం సాబ్ చేతుల్తో తినే సైగ చేసి, తన ఇంటివైపు చూపించి, తల మీద రెండు వేళ్ళు కొమ్ముల్లా పెట్టి, కాదు కాదని చెయ్యి ఊపాడు. మేం ఆవుమాంసం తినం అని ఎవరిని అడిగి తెలుసుకున్నాడో మరి! మామ రానంటాడని భయపడ్డాను. కానీ ఆ కొమ్ముల సైగ ఆయన్ని ఎక్కడో తాకినట్టుంది. "అంత ఆలోచన జేసిండంటే పోకుంటె బాగుండదు. జర కూసొని వద్దాం, తినేదేం లేదు" అన్నాడు.

ఎండ ఇంకా గోడల మీద ఉండగానే వెళ్ళాం. సలాం సాబ్ తలుపు తీసి మా ఇద్దరి చేతులూ పట్టుకుని, "లాబాస్? లాబాస్?" అన్నాడు. మామ నా చెవిలో, "గడప గూడ దాటలే, అప్పుడే బస్, చాలు అంటుండేంది?" అన్నాడు. చదువుకున్నవాణ్ణి కదా, విడమరిచి చెప్పాల్సిన బాధ్యత నాది. "అది గాదు మామా, బస్సుల వచ్చిన్రా అని అడుగుతున్నడు" అని చెప్పి, ఆయనవైపు తిరిగి ఇంగ్లీషులో, "నో బస్ సార్, వాకింగ్" అన్నాను. ఆయన ఎంతో సంతోషించినట్టు నా భుజం తట్టాడు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

గోడల వెంట పొడుగ్గా పరుపులు వేసిన గది, మధ్యలో గుండ్రటి పొట్టి బల్ల. సలాం సాబ్ భార్య పుదీనా వేసిన వేడి చాయ్, పళ్ళెం నిండా బాదం పిండి బిస్కెట్లు తెచ్చింది. భోజనమని పిలిచి చాయ్ బిస్కెట్ పెడుతున్నారంటే ఇక్కడ భోజనమంటే ఇదే కాబోలు అనుకున్నాం. చాయ్‌లో చక్కెర మస్తుగా ఉంది గానీ, చాయ్‌లో చక్కెర మామకు అభ్యంతరం కాదు. వారం నాటి ఆకలి మీదున్నాం, పళ్ళెం ఖాళీ చేశాం. మామ త్రేన్చి, "చాలు, పోదాం పా" అని లేవబోయాడు. అంతలో సలాం సాబ్ ఒక చేత్తో పళ్ళెంలాంటి ఇత్తడి గిన్నె, ఇంకో చేత్తో కెటిల్, భుజాన తువ్వాలుతో వచ్చి మామ ముందు వంగాడు. మామ ముఖం ఒక్కసారిగా వెలిగిపోయింది. "చూసినవా అల్లుడా! మా ఊర్ల గూడ సుట్టం వస్తే కాళ్ళకు నీళ్ళిస్తరు" అంటూ ఎడమకాలి మేజోడు లాగేసి పాదం చాపాడు. నేను సలాం సాబ్ చేతుల వంక చూశాను, తువ్వాలు వంక చూశాను, చప్పున మామ మోకాలు పట్టుకుని కిందికి అదిమి, నా చేతులు గిన్నె మీద పెట్టాను. ఆయన నా చేతుల మీద గోరువెచ్చని నీళ్ళు పోశాడు. మామ మేజోడు జేబులో కుక్కుకుని చేతులు చాపాడు. ఆ ఇంటాయన మాత్రం ఏమీ చూడనట్టే ఉన్నాడు.

అప్పుడు మొదలైంది అసలు భోజనం. ముందు చిన్న చిన్న గిన్నెల్లో కాల్చిన వంకాయ పచ్చడి, టమాటా, క్యారెట్, ఆలివ్ కాయలు, వేడి రొట్టెలు. ఇదే భోజనమనుకుని మళ్ళీ తిన్నాం. వంకాయ పచ్చడి గిన్నెను మామ తనవైపు జరుపుకున్నాడు, అంటే నచ్చిందని అర్థం. ఆ గిన్నెలు తీసేసి, బల్ల మధ్యలో శంఖంలాంటి మూత ఉన్న పెద్ద మట్టిపాత్ర పెట్టి మూత ఎత్తారు. ఆవిరి లేచింది. పసుపు రంగు పులుసులో కోడి, దాని మీద నిమ్మచెక్కలు. అందరం ఆ ఒక్క పాత్రలోంచే, ఎవరి ముందున్నది వాళ్ళు, రొట్టెముక్కతో అందుకుని తినాలి. మామ అనుమానంగా ఒక నిమ్మచెక్క కొసను నాలికకు తగిలించుకుని, అలాగే ఆగిపోయాడు. "అల్లుడా... గిది నిమ్మకాయ తొక్కురా! ఉప్పుల ఊరిన నిమ్మకాయ! జరమొస్తే మా అవ్వ గంజిల ఏసిచ్చేది. వీళ్ళు కోడికూరల ఏసిన్రు!" అన్నాడు. ఆ తర్వాత మామను ఆపడం ఎవరి తరమూ కాలేదు.

ఆయన ముందున్న ముక్కలు అయిపోగానే ఆ ఇల్లాలు తన వైపువి ఆయన వైపు నెట్టింది. అవీ అయిపోయాయి. సలాం సాబ్ చేత్తో సైగచేస్తూ "సాఫీ?" అని అడిగాడు. మామ పాత్రలోకి చూసి, ఇంకా మిగిలి ఉండటంతో తల అడ్డంగా ఊపాడు. "పల్లెం సాఫ్ అయిందా అంటుండు అల్లుడా. ఇడిసిపెడితే ఇజ్జత్ పోతది" అని నాకు చెప్పి మళ్ళీ దిగాడు. నేను కూడా నాచారం ఇజ్జత్ నా నెత్తిన ఉందన్నట్టు రొట్టె తుంచాను. ఇద్దరం కలిసి ఆ పాత్రను అద్దంలా తుడిచిపెట్టాం. ఆ ఇల్లాలు మా వంక జాలిగా చూసి లోపలికెళ్ళి, అంతకంటే పెద్ద పాత్రలో నల్లటి ఎండుపండ్లు వేసి, నువ్వులు చల్లిన మేకమాంసం తెచ్చి పెట్టింది. మామ ముఖంలో రంగు మారింది. నా బెల్టు అప్పటికే రెండు రంధ్రాలు దాటింది.

"ఇగ నాతోని గాదు" అని మామ చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, సలాం సాబ్‌తో గట్టిగా, "బస్! బస్!" అన్నాడు. ఆయన ముఖం విప్పారింది. "లాబాస్! హమ్దుల్లా!" అని ఒక పెద్ద ముక్క మామ ముందుకు తోశాడు. "అరె, బస్ అంటున్న సాబ్!" అని మామ రెండు చేతులూ ఎత్తాడు. "లాబాస్! లాబాస్!" ఇంకో ముక్క. మామ నావైపు దీనంగా చూశాడు. "ఈయనకు బస్ అంటే ఇంకొంచెం అన్నట్టున్నది గదరా. ఏమన్న జెయ్యి!" నేను చేసింది ఏమిటంటే, మర్యాదగా లేచి నిలబడి, "బస్ సార్, ఫుల్ బస్" అన్నాను. నాకూ ఒక ముక్క వచ్చింది.

మమ్మల్ని ఆ విందు నుంచి గట్టెక్కించింది వాళ్ళమ్మాయి. కాలేజీలో ఇంగ్లీషు చదువుతోందట, అప్పుడే క్లాసు ముగించుకుని వచ్చింది. చెమటలు కక్కుతున్న మమ్మల్ని, ఉత్సాహంగా నెడుతున్న అమ్మానాన్నల్ని చూసి, ఏమైందని నన్నడిగింది. మేం చాలు చాలు అంటున్నామని, మీ నాన్నగారు వినడం లేదని చెప్పాను. ఏమని అన్నారు అంది. చెప్పాను. ఆ పిల్ల పుస్తకాల సంచీ కింద పెట్టి, పరుపు మీద కూలబడి, నవ్వడం మొదలుపెట్టింది. చివరికి ఊపిరి అందాక తెలిసిందేమిటంటే, లాబాస్ అంటే బాగున్నారా అనీ, బాగున్నాం అనీ. సాఫీ అంటే ఇక సరిపోయిందా అని. అంటే ఆయన సరిపోయిందా అని అడిగితే మామ సరిపోలేదని తల ఊపాడు. చాలు మొర్రో అన్నప్పుడల్లా బాగున్నాను, బాగున్నాను అని సంబరంగా చెప్పుకున్నాడు. "నా చేతివంట తిని ఇంతగా ఆనందించినవాళ్ళు మా చుట్టాల్లో కూడా లేరు అని మా అమ్మ ఇందాకటినుంచి మురిసిపోతోంది" అంది ఆ పిల్ల. (నేను బస్సులో రాలేదని చెప్పిన సంగతి మాత్రం ఆమెకు చెప్పలేదు. అన్నీ చెప్పుకోవాలని ఎక్కడుంది?)

నేను ఆ మాటలన్నీ మామకు తెలుగులో చెప్పాను. ఆయన పొట్ట పట్టుకుని, "అంటే నేను పానం పోతున్నదని మొత్తుకుంటుంటే, మంచిగున్న మంచిగున్న అని ఇనబడ్డదా!" అని నవ్వాడు. మొరాకో వచ్చాక మామ నవ్వడం నేను చూడటం అదే మొదలు. ఆ నవ్వు చూసి సలాం సాబ్, ఆయన భార్య, మాటలు అర్థం కాకపోయినా మా అందరికంటే ఎక్కువ నవ్వారు. పండ్లు వచ్చాయి, ఎవరూ ముట్టుకోమని బలవంతం చేయలేదు. మామ మాత్రం ఆ నిమ్మకాయ ఎట్లా ఊరబెడతారో అడగమన్నాడు. నా ఇంగ్లీషులోంచి ఆ పిల్ల అరబీలోకి, అక్కడినుంచి వెనక్కి. నిమ్మకాయ, ఉప్పు, ఓపిక అంతే అందట వాళ్ళమ్మ. "మా అవ్వ గూడ గిట్లనే జెప్తుండె" అన్నాడు మామ. ఆ మాట అటు చేరగానే ఆమె లోపలికెళ్ళి ఆ నిమ్మకాయల సీసా ఒకటి తెచ్చి మామ చేతిలో పెట్టి ఏదో అంది. ఇల్లు గుర్తొచ్చినప్పుడల్లా ఇటు రండి, చెప్పి రానక్కర్లేదు అందట. మామ సీసాను రెండు చేతులా పట్టుకుని, "అక్కా, శుక్రియా" అన్నాడు. అదొక్కటి తర్జుమా లేకుండానే అందింది.

గెస్ట్‌హౌస్‌కు నడిచి వస్తుంటే ఆకాశం ఇంకా ఎర్రగానే ఉంది. మేం కడుపులు మోసుకుంటూ చాలా మెల్లగా నడిచాం. ఒక మలుపు దగ్గర మామ ఆగి, ఎటో చూస్తూ, "టికెట్ సంగతి సార్‌కు జెప్పకు" అన్నాడు. చెప్పలేదు. మెషీన్ బిగించాం, అది తిరిగింది. ఆపైన ఆ ఇంటికి ఇంకా చాలాసార్లు వెళ్ళాం. మామ చేతులకే నీళ్ళు పోయించుకున్నాడు, ఎంత చాలనిపిస్తే అంతే తిన్నాడు, అయినా ఎక్కువే తిన్నాడు. ఇప్పుడాయన నారపల్లిలో ప్లాటు కొని ఇల్లు కట్టుకుని, కోడళ్ళకు కోడికూరలో నిమ్మకాయ తొక్కు వేయడం నేర్పిస్తున్నాడు. వాళ్ళు వింటున్నారని నేననుకోను.

నేను మాత్రం ఆ సాయంత్రం, ఆ మలుపు దగ్గర, మామతో పెద్ద మాట ఒకటి అన్నాను. "ఇదేనా మామా విదేశమంటే? ఇట్లయితే లోకమంత తిరిగొస్త!" ఏ దేశంలో దిగినా ఎవరో ఒకరు తలుపు తీసి చేతులు పట్టుకుంటారని, గుండ్రటి బల్ల వేస్తారని, నిజంగానే నమ్మాను. ఆ తర్వాత ఉద్యోగాలు మారి చాలా దేశాలు తిరిగాను. హోటల్ గదుల్లో, విమానాశ్రయాల్లో, ప్లాస్టిక్ స్పూనుతో చాలా భోజనాలు చేశాను. ఎక్కడివాళ్ళూ చెడ్డవాళ్ళు కాదు. పని అయ్యాక చెయ్యి కలిపి, గుడ్ నైట్ చెప్పి, ఎవరి ఇళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయేవారు. ఆ ఎర్రటి ఆకాశం కింద బెల్టు వదులు చేసుకుని, లోకాన్నంతా చుట్టాలిల్లు చేసేసుకున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ నవ్వులో, నిజం చెప్పాలంటే, వాడి మీద కాస్త అసూయ కూడా ఉంది.