బావి వంతుకు మారెక్క తెచ్చిన గడియారం

మారెక్కకు కోపం పుట్టుకతోనే వచ్చిందని ఆ చుట్టుపక్కల ఊర్లల్లో అంటారు. ఒట్టి అబద్ధం. ఆ కోపం నేర్పించింది ఆమె బావ తిప్పేస్వామి. నాలుగేండ్లు దినామూ నేర్పించినాడు, పండగ నాడు కూడా సెలవియ్యలేదు.

సంగతి చెప్తా వినండి. గుమ్మఘట్టకు దగ్గర్లో ఒక పల్లె. మారెక్క మొగుడు పాపన్న జరమొచ్చి పోయినాడు. ఆమెకు మిగిలింది రెండెకరాల చేను, ఒక జత ఎద్దులు, పదైదేండ్ల కూతురు యశోద, ఇంటెనక బావిలో సగం వంతు. మిగతా సగం పాపన్న అన్న తిప్పేస్వామిది. ఇల్లు కూడా అంతే, నడుమ మట్టిగోడ పెట్టి రెండు చేసుకున్నారు. బావికి ఒకటే కపిలి. ఎద్దులు మోకు లాగుతా వాలులోకి దిగితే తోలు బాన నిండా నీళ్ళు పైకొచ్చి కాలవలో పడతాయి. ఆ ఊర్లో కపిలి తోలిన ఆడమనిషి మారెక్క ఒక్కతే. మగోళ్ళ మాదిరే మోకు మీద కూర్చొని తోలేది. యశోద చేన్లో నీళ్ళు మళ్ళిస్తా మడవలు కట్టేది.

ఒకనాడు పొద్దున తిప్పేస్వామి తోలితే మధ్యాహ్నం నుంచి మారెక్క తోలాల. మరునాడు తిరగేసి. రాత్రంతా ఊరిన నీళ్ళు పొద్దున వంతుకు దొరుకుతాయి, మధ్యాహ్నం వంతుకు అడుగున ఉండే బురదే గతి. అందుకని మధ్యాహ్నం ఎప్పుడయింది అనేది ఆ ఇంట్లో చావుబతుకుల మాట. మరి మధ్యాహ్నం అయిందని చెప్పేదెవరు? ఇంటికి పెద్దోడు. ఎండలో నిలబడి తన నీడను తన పాదాలతోనే కొలుస్తాడు. మాఘమాసంలో నీడ మూడడుగులకు వచ్చిందంటే చేతులు మారాల. తాతల నాటి నుంచి వస్తాండే పద్ధతి.

పద్ధతిలో తప్పు లేదప్పా. తప్పంతా తిప్పేస్వామి పాదాల్లో ఉండాది. పొద్దున వంతు తనదైనప్పుడు మడమకు వేళ్ళు ఆనించి, చీమ నడిచినట్ల కొలిచేవాడు. "ఇంకా అయిదడుగులు ఉండాది, పొద్దు తిరగలే" అనేవాడు. పొద్దున వంతు మారెక్కదైతే అదే పాదాలకు రెక్కలొచ్చేవి. మూడు అంగలేసి, "మూడడుగులు! ఇప్పు ఎద్దుల్ని" అనేవాడు. మబ్బు పట్టిన దినమైతే ఆ మాత్రం శ్రమ కూడా లేదు. నోటికి ఎంతొస్తే అంత.

మారెక్క ఊరకుండలేదు. రచ్చకట్ట కాడికి పోయి చెప్పింది. ఊరి పెద్ద లక్ష్మన్న మెత్తగా నవ్వి, "పెద్దోడు కొలిచినంక ఇంగ మాటేముండాదమ్మా" అన్నాడు. "అయితే నా నీడ నేను కొలుస్తా" అంటే అందరూ నవ్వినారు. ఆడదాని నీడ లెక్కకు రాదంట! చూడండి న్యాయం! అదే ఆడది బాన తోలితే వచ్చే నీళ్ళకు ఆడా మగా లేదు, ఆమె నీడకు మాత్రం ఉండాది. నాలుగేండ్లల్లో ఎన్నిసార్లు చెప్పిందో ఆమెకే తెలీదు. "మారెక్క మళ్ళా వచ్చిందప్పో" అని రచ్చకట్ట మీద తమాషా అయిపోయినాది.

అరవై మూడులో వాన మొగమే చూపీలేదు. చేన్లో ఎర్రగడ్డలు, అదే ఉల్లిగడ్డలు, పెట్టింది. గడ్డ ఊరే యాల, నీళ్ళు తప్పితే చేతికి తొక్క కూడా రాదు. ఆ సంవత్సరం తినేకి ఉండే ఆధారమంతా ఆ గడ్డలే. ఒక పొద్దున ఆమె వంతులో బావి సగానికి సగం నీళ్ళుండంగనే తిప్పేస్వామి వచ్చి మూడంగలేసి, ఆమె చేతుల్లోంచి పలుపు లాక్కొని ఎద్దుల్ని ఇప్పేసినాడు. మారెక్కకు ఒళ్ళంతా నిప్పు పడినట్లయింది. రచ్చకట్ట కాడికి ఉరికింది. లక్ష్మన్న ఈసారి నవ్వలేదు గానీ, "పొద్దెంతయిందో నువ్వు చెప్తే ఎట్ల మారెక్కా? సాచ్చెం యాడుండాది?" అన్నాడు.

"సాచ్చెమా? తెస్తా ఉండు" అని ఆమె ఇంటికొచ్చి, మర్నాడే రెండు మేకపోతుల్ని అమ్మి రాయదుర్గం బస్సెక్కింది.

రాయదుర్గంలో దస్తగిరి సాయిబని గడియారాలు బాగుచేసే ఆయప్ప ఉండేవాడు. అంగడి గోడ మీద పాత గోడ గడియారం ఒకటి వేలాడతాండాది. ఎవరో ఆఫీసరు బదిలీ అయి పోతా అమ్మి పోయిన సరుకు. అద్దం మీద ఒక మూల పగులు, లోపల ఇత్తడి బిళ్ళ ఊగతాండాది. ఆమె చూస్తాండంగనే టంగు టంగుమని కొట్టింది.

"ఇది బావి కాడికి వినపడుతుందా?" అని అడిగింది.

"ఏ బావి కాడికమ్మా?" అన్నాడు సాయిబు.

ఆమె చెప్పింది. మొదులుపెడితే ఆపలేదు. బావను తిట్టింది, లక్ష్మన్నను తిట్టింది, చచ్చిపోయినందుకు మొగుణ్ణి కూడా తిట్టింది. సాయిబు చేతిలోని పని పక్కన పెట్టి అంతా విన్నాడు. గడియారం కిందికి దించి ఒక్కొక్కటీ చూపించినాడు. "ఈ కన్నంలో చావి తిప్పితే నడుస్తాది, ఈ కన్నంలో తిప్పితే గంటలు కొడతాది. వారానికొకసారి రెండూ తిప్పాల. గోడకు వంకర పెట్టినావంటే కుంటుతాది, నిలిచిపోతాది. చెవి పెట్టి విను, టిక్కూ టక్కూ ఒకే తూకంలో ఉండాల. ఇంగ ముఖ్యమైంది చెప్తా. పెద్ద ముల్లు తిప్పాల్సొస్తే ముందరికే తిప్పు. ప్రతి గంట కాడా ఆగి, పూర్తిగా కొట్టనిచ్చి అప్పుడు పో. కొట్టనియ్యకుండా దాటిస్తే గంటల లెక్క యెనకబడతాది. ముల్లు ఒకటి చెప్తాది, గంట ఇంకోటి కొడతాది."

ఇత్తడి బిళ్ళను ఊడదీసి గుడ్డలో చుట్టి ఇచ్చినాడు. దాన్ని రైకలో దోపుకొని, గడియారాన్ని ఒళ్ళో పెట్టుకొని బస్సులో కూర్చునింది. పక్కనున్నోళ్ళు అడిగితే, "సాచ్చెం తీసుకపోతాండా" అని చెప్పింది. వాళ్ళకేమీ అర్థం కాలేదు. దిగేటప్పుడు కండక్టరు చేతి గడియారం చూపించుకుంది. నాలుగుకు పది నిమిషాలు తక్కువ. రోడ్డు నుంచి ఇంటికి పది నిమిషాల నడక.

మట్టిగోడకు మేకు నిలుస్తుందా? రెండుసార్లు కొట్టింది, రెండుసార్లూ పెళ్ళ ఊడి నెత్తిన పడింది. తుమ్మకట్టె గూటం చెక్కి, రాళ్ళ సందున దిగ్గొట్టింది. గోడే ఒక పక్కకు వాలి ఉండాది, దాని మీద ఏది పెట్టినా వంకరే. అడుగున చింపిరి గోనె మడిచి పెట్టి, చెవి ఆనించి, కొంచెం ఇటు, కొంచెం అటు జరిపింది. కుంటుతాంది, కుంటుతాంది, ఒక్కసారిగా టిక్కు టక్కు సమం అయిపోయినాది. అప్పుడు ముల్లు తిప్పింది. గడియారం తొమ్మిది కాడ నిలిచి ఉండాది, నడకకూ గూటానికీ పట్టింది కలిపితే నాలుగున్నర దాకా తేవాల. సాయిబు చెప్పినట్లే ప్రతి గంట కాడా ఆగింది. పది కొట్టింది, పదకొండు, పన్నెండు, ఒకటి, రెండు, మూడు, నాలుగు. వీధి వీధంతా గడప కాడికొచ్చింది. తిప్పేస్వామి పెండ్లాం అంజనమ్మ నడిమి గోడ మీద నుంచి తల పెట్టి, "మీ ఇంట్లో గడియకే సగం దినం అయిపోయిందేమే!" అని నవ్వింది.

రచ్చకట్ట కాడ మారెక్క ఒకటే మాట చెప్పింది. "గడియారం పన్నెండు కొడితే చేతులు మారాల. మా బావకూ అంతే, నాకూ అంతే." లక్ష్మన్న సరే అన్నాడు. తిప్పేస్వామి మీసం దువ్వుకొని, "పెట్టె కొడితే నాకేం భయమా, కొట్టనీ" అన్నాడు.

పది దినాలు బాగ జరిగినాది. ఆ పది దినాలూ తిప్పేస్వామి తన వంతులో పన్నెండో గంట వినంగనే మోకు ఇడవాల్సొచ్చె. పండ్లు కొరుక్కుంటా ఇడిసిపెట్టేవాడు. ఎర్రగడ్డల పొరక పచ్చగా లేసింది. మారెక్క చేన్లోకి పోయి రెండు మూడు గడ్డల చుట్టూ మన్ను గోకి చూసుకునింది. ఊరుతాండాయి.

పదకొండో నాడు మబ్బు. వాన లేని వట్టి మబ్బు. పొద్దున వంతు మారెక్కది. తల్లి బావి కాడ, కూతురు చేన్లో, ఇంట్లో ఎవరూ లేరు. పది కొట్టింది, ఆమె విన్నది. ఆ తర్వాత కొంచెం సేపటికే మళ్ళా గంటలు మొదులైనాయి. బాన పైకొస్తాంటే కూడా ఆమె లెక్కబెట్టింది. పదకొండు. ఆ లెక్కబెట్టేది మానేసిన దినం ఆమె చచ్చినట్లే కదా!

తిప్పేస్వామి అప్పుడే ఎద్దులు తోలుకొని వస్తాండాడు. "పన్నెండు కొట్టె. ఇప్పు."

"పదకొండు బావా."

"నీకు లెక్క యాడొస్తాది? పోయి ముల్లు చూసుకో."

ఇంట్లోకి పోయి చూసింది. రెండు ముండ్లూ పన్నెండు మీద అంటుకొని ఉండాయి. వీధిలోళ్ళను అడిగింది. గంటలు విన్నాం గానీ ఎన్నో లెక్కబెట్టలేదన్నారు. తిప్పేస్వామే లక్ష్మన్నను పిలుచుకొచ్చినాడు, ఎనకాల పదిమంది. లక్ష్మన్న ముల్లు చూసి, "పన్నెండు దాటింది కదా మారెక్కా. నువ్వు తెచ్చిన గడియారమే చెప్తాండాది" అన్నాడు. ఆమెకు కండ్లల్లో నీళ్ళొచ్చినాయి. ఏడుపు గాదది, మంట.

"ఒక్క గంట ఉండండి. ముల్లు ఒంటిగంట మీదికి వచ్చినప్పుడు ఎన్ని కొడతాదో ఈడే కూర్చొని లెక్కబెట్టండి. గంట నా వంతులో నుంచే పోనీ" అనింది.

కూర్చున్నారు. కొందరు గొణిగినారు, ఒకాయన గోడకానుకొని కునుకు తీసినాడు. పెద్ద ముల్లు పైకెక్కింది. గడియారం కొట్టేకి మొదులుపెట్టింది. ఒకటి కొట్టి ఆగల్ల కదా? ఆగలేదు. లక్ష్మన్న వేళ్ళు మడుస్తా లెక్కబెట్టినాడు. పది వేళ్ళూ అయిపోయినాక ఇంగ రెండు. పన్నెండు.

"ఇదేంది?" అన్నాడు.

"ముల్లు ఎవరో తిప్పినారు. పదకొండు కొట్టనియ్యకుండా లోపల గంట కొట్టే సుత్తిని పట్టుకొని తిప్పినారు. ఇడిస్తే అప్పుడు కొట్టింది ఆ పదకొండు. ముల్లు మాట ఇంటాది గానీ గంట ఇనదు." అనింది మారెక్క.

తిప్పేస్వామి పెండ్లాం దిక్కు ఉరిమి చూసినాడు. అంజనమ్మ ఊరుకునే మనిషి గాదు. "నన్నేంటికట్ల చూస్తావు? సద్దు చేయకుండా తిప్పి రాపో అనింది నువ్వు కదా! ఎన్ని కొడతాదో నాకేం తెలుసు?" అని అరిచింది.

అంతే. జనం గొల్లున నవ్వినారు. లక్ష్మన్న లేచి గడియారం ముందర నిలబడి, "ఎంత సత్యమైన గడియారమప్పా! ఒక్క ముక్క అబద్ధం చెప్పలే" అన్నాడు. ఎవరో కుంకుమ తెచ్చి దానికి బొట్టు పెట్టినారు. ఒకరిద్దరు దండం కూడా పెట్టినారు. "మారెక్కా, నీ మాట నిజమేనమ్మా. ఈ గడియారం వల్ల తెలిసినాది" అన్నాడు లక్ష్మన్న, పెద్ద మేలు చేసినట్ల.

గెలిచింది కదా, సంతోషపడల్ల కదా? ఆ నాలుగేండ్లల్లో ఎన్నడూ రానంత కోపం అప్పుడొచ్చింది మారెక్కకు.

"దీనివల్ల తెలిసిందా? నాలుగేండ్లు! నాలుగేండ్లు ఈ నోటితో చెప్పినా కదా లక్ష్మన్నా! నిలబడి చెప్పినా, ఏడిసి చెప్పినా, తిట్టి చెప్పినా. తమాషా చూసినారు. మొన్న బస్సులో వచ్చిన కొయ్యపెట్టె పన్నెండుసార్లు టంగుమంటే వినపడిందా మీకు? బొట్టు పెడతారా దానికి? అది బాన తోలిందా? మోకు రాసుకొని దాని చేతులు పగిలినాయా? కూడు తినే నోటితో నేను చెప్పింది అబద్ధం, చావి తిప్పితే కొట్టేది సత్యమా? థూ!"

అద్దం తలుపు తీసి ఊగే బిళ్ళను చేత్తో పట్టేసింది. గడియారం నిలిచిపోయినాది.

"ఇప్పుడు అడగండి పొద్దెంతయిందని. దాన్ని గాదు, నన్ను."

బయట మబ్బు. నీడ లేదు. తిప్పేస్వామి పాదాలు కదల్లేదు. లక్ష్మన్న నేల చూస్తా అడిగినాడు.

"పొద్దెంతయింది, మారెక్కా?"

"పొద్దు తిరగలే. ఇంకా నా వంతే."

గడప కాడున్నోళ్ళు పక్కకు జరిగి దోవ ఇచ్చినారు. ఆమె బావి కాడికి పోయి ఎద్దుల్ని కట్టి, మోకు మీద కూర్చునింది. ఆ దినం బావ వంతు వచ్చినా ఇడవకుండా చీకటి పడేదాకా తోలింది. "అమ్మా, మడవలన్నీ నిండినాయి, ఇంగ చాలు" అని యశోద చేన్లోంచి అరిచినా ఆపలేదు. తోలుతానే తిట్టింది. బావను ఒక్క మాట కూడా అనలేదు. రచ్చకట్ట మీద కూర్చునే వాళ్ళను, ఒక్కొక్కణ్ణీ పేరు పెట్టి, గట్టు మీద నుంచి ఊరంతా వినపడేటట్ల తిట్టింది.