బండల కింద ఎర్తింగ్

ఎలక్ట్రిక్ కారు వచ్చి వారమైంది. మామూలు సాకెట్ చాలా, గోడకు పెద్ద చార్జర్ బిగించాలా అన్నది తేలక, టేపు పట్టుకుని మీటరు నుంచి వాకిలి దాకా రోజూ తిరిగాను. శక్తినగర్ కరెంటు ప్లాంటులో ముప్పై ఏళ్లు పనిచేసినవాణ్ణి, ఒకరిని అడుగుతానా?

చివరికి నేనే పిలిపించిన ఎలక్ట్రీషియన్ మీటరు దగ్గర పరీక్షించి, "ఏది పెట్టినా ముందుగాల ఎర్తింగ్ కావాలె సార్. మీ ఇంట్ల అది పనిచేస్తలేదు. గుంత ఏడుంది?" అన్నాడు.

వాకిలంతా వెతికాను. మా ఆవిడ గడపలో నిలబడే చెప్పింది: "ఎండకాలం రోజూ ఆ గుంతల బిందెడు నీళ్లు పోస్తుంటి. వాకిలి సాపుగ ఉండాలని మీరే దాని మీద బండలు పరిపిచ్చిన్రు."

ఎర్తింగ్ గుంత ఎండనీయొద్దని ప్లాంటులో ముప్పై ఏళ్లూ అందరినీ కసిరింది నేనే.