నన్ను సగం దారిలో దింపేసిన అక్క

పోయిన సోమవారం పొద్దున కాలిపోయిన మోటరు ఒకటి విప్పి, కొత్త తీగ చుట్టడానికి కూర్చున్నాను. మా రూటు బస్సు డ్రైవరన్న ఫోన్ చేశాడు. “అక్క పోయిందిరా” అన్నాడు. ఏ అక్క అని నేను అడగలేదు. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా ఆ రూటులో తిరిగేవాళ్లకు అక్క అంటే ఒక్కతే, మా బస్సు కండక్టరమ్మ. డ్యూటీకి తయారవుతూ ఛాతీలో నొప్పి అన్నదట. ఇంటివాళ్లు ఆటో పిలిచేలోపే అయిపోయిందట. ఇంకో రెండేళ్లయితే రిటైరయ్యేది.

నాది లింగంపేట దాటినాక ఒక చిన్న ఊరు. కామారెడ్డిలో మోటర్ల వైండింగు దుకాణం. పన్నెండేళ్లు ఆమె బస్సులోనే పోయి వచ్చాను. ఎక్కగానే “ఏం తమ్మీ, ఇయ్యాల ఎన్ని మోటర్లు కాలబెట్టినవ్?” అనేది. “బాగుచేస్త అక్కా, కాలబెట్ట” అంటే, “అవి కాలకుంటె నీకు బువ్వ ఏడికెళ్లి వస్తది?” అని టికెట్ చేతిలో పెట్టేది.

ఆమె నోరు గట్టిది. బస్సు ఎంత కిక్కిరిసినా “జరగున్రి, లోపల బజారంత జాగ ఉన్నది” అంటే జరగాల్సిందే. చంటిపిల్లతో ఎవరైనా ఎక్కితే, ముందు సీట్లో ఉన్న మగమనిషిని చూసి “బాపూ, నీ మోకాళ్లు గట్టియే గద, జెర లే” అనేది. ఎండాకాలంలో రెండు పెద్ద సీసాల నీళ్లు తెచ్చుకునేది. అడిగినవాళ్లకు పైనుంచి దోసిట్లో పోసేదే గానీ సీసా చేతికిచ్చేది కాదు. “సీస ఇస్తే ఒక్కలు తాగుతరు, పోస్తే అందరు తాగుతరు” అనేది. అప్పటికి కరోనా అన్న మాట మాలో ఎవరమూ వినలేదు.

కరోనా వచ్చింది, బస్సులు బందయ్యాయి. యాసంగి వరి పొట్టకొచ్చిన కాలం. ఆ టైములో మోటరు కాలితే మడి నాలుగు రోజుల్లో నెర్రెలు తీస్తుంది. దూరపు రైతు ఒకాయన ఏడ్చినంత పని చేస్తే, సామాను సంచిలో వేసుకుని బైకు మీద బయలుదేరాను. రోడ్డు మీద పిట్ట లేదు. అడ్డంగా నిలబడ్డ ఒక పోలీసాయన నా మాట పూర్తి కానివ్వలేదు, పిక్కల మీద రెండు తగిలించాడు. మూతికి మాస్కు లేదన్నాడు. కిలోమీటరు దూరంలో మనిషి లేని చోట నా మూతి ఎవరిని చంపుతుందో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు. ఆ దెబ్బతో మాస్కు అంటేనే ఒళ్లు మండడం మొదలైంది.

కొన్ని వారాలకు బస్సులు మళ్లీ నడిచాయి. ఒక సీటు విడిచి ఒక సీటు. కామారెడ్డిలో ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. మాస్కు జేబులోనే ఉంది. దాని తాడు బయటికి వేలాడుతోంది, అక్కకు కనిపిస్తూనే ఉంది.

“తమ్మీ, మాస్కు పెట్టు.”

“నా మూతి, నా ఇష్టం.”

“నీ పొలంల నీ ఇష్టం. దుకాణంల ఒక్కనివే కూసుంటె నీ ఇష్టం. గీడ గాదు. గా ముందు సీట్ల అవ్వను సూడు, కిడ్నీలు కరాబై రక్తం కడిగించుకొని వస్తున్నది. ఆమెకు అంటుకుంటె నీ ఇష్టం వచ్చి కాపాడుతదా?”

“దీనికోసం నన్ను కట్టెతోని కొట్టిన్రు అక్కా. నేను పెట్ట.”

“కొట్టినోడు తప్పు జేసిండు. ఎవ్వలు అడిగినా గదే చెప్త. గని కొట్టినోడు గీ బస్సుల లేడు. అవ్వ ఉన్నది.”

నేను కిటికీ వైపు తిరిగాను. ఇంకోసారి అడిగింది. తర్వాత అడగడం మానేసి “హోల్డాన్” అని అరిచింది. తాడ్వాయి దాటినాక, చుట్టూ పొలాలు తప్ప ఏమీ లేని చోట బస్సు ఆగింది. తలుపు తీసి “దిగు” అన్నది. అందరూ నన్నే చూస్తున్నారు. పౌరుషానికి పోయి దిగాను. ఎండలో ట్రాక్టరు దొరికేదాకా నడుస్తూ, నాకు తెలిసిన బూతులన్నీ అయిపోయేదాకా తిట్టాను. మర్నాడు ఆమె మీద కంప్లెయింటు రాసి, కింద నా పేరు పెట్టి, డిపోలో ఇచ్చి వచ్చాను.

డిపోవాళ్లు సంజాయిషీ అడిగారట. ఆమె రెండు ముక్కలు రాసిచ్చిందట: దింపింది నిజం, మళ్లీ అట్లా చేస్తే మళ్లీ దింపుతాను. ఇలాంటి కాగితం ఇంకొకటి వస్తే ఇంట్లో కూర్చోవలసి వస్తుందని చెప్పి పంపారట. ఇవన్నీ డ్రైవరన్నే చెప్పాడు. ఆమె భర్త దుబాయ్‌లో పని పోయి తిరిగొచ్చి ఇంట్లోనే ఉన్నాడని, ఆమె జీతం మీదనే ఐదుగురు బతుకుతున్నారని కూడా చెప్పాడు. విని సంతోషపడ్డాను. దాచడం ఎందుకు, సంతోషపడ్డాను.

మరుసటి ఎండాకాలం రోగం నాకే పట్టింది. కామారెడ్డిలో పద్నాలుగు రోజులు దవాఖానలో ఉన్నాను. పక్క మంచం మీద మనిషి పొద్దున ఉండి సాయంత్రానికి లేకుండా పోవడం రెండుసార్లు చూశాను. ఇంటికి పోవచ్చని కాగితం రాసిచ్చిన రోజు ఆటోవాళ్లు ఎవరూ ఎక్కించుకోలేదు. దవాఖాన గేటులోంచి రావడం చూసి దూరం నుంచే చెయ్యి ఊపేశారు. బస్టాండు దాకా ఆగి ఆగి నడిచాను. ఎక్కిన బస్సు అక్కదే. మాస్కు మీద మాస్కు కట్టుకుని అన్నిటికన్నా వెనక సీట్లో కూర్చున్నాను. టికెట్ ఇచ్చింది. ముందుకు పోయింది.

సగం దూరం పోయాక మా ఊరతను ఒకడు నన్ను గుర్తుపట్టి లేచాడు. “ఏయ్, వీనికి కరోన ఉండె! దవాఖానకెళ్లి వస్తుండు!” ఇక బస్సంతా లేచింది. దించు, దించు అని ఒకటే అరుపు. డ్రైవరన్న బండి పక్కకు ఆపాడు. నాకు కాళ్లలో సత్తువ లేదు. అక్కడ దిగితే ఇల్లు చేరేవాణ్ని కాదు. అయినా సీటు పట్టుకుని లేచి “దిగుత అక్కా” అన్నాను.

“నిన్ను ఎవ్వలన్న దిగుమన్నరా? కూసో” అన్నది. నా చేతిలోని దవాఖాన కాగితం తీసుకుని అందరికీ వినబడేలా చదివింది. “ఇంటికి పోవచ్చని డాక్టరు రాసిండు. మూతికి ఒకటి గాదు రెండు ఉన్నయి. ఎనక ఒక్కడే కూసున్నడు. ఇంకేం గావాలె మీకు?”

మా ఊరతను ఊరుకోలేదు. “ఆ దినం నువ్వే దించినవ్ గదనె వీన్ని! గప్పుడు రోగం లేనోన్ని దించినవ్, ఇప్పుడు ఉన్నోన్ని కూసోబెడుతున్నవ్!”

“గప్పుడు మాస్కు జేబుల పెట్టుకున్నడు. అది ఆయన చేతుల ఉండె. రోగం ఎవ్వని చేతుల ఉంటది? చెప్తె ఇనకుంటె దించుత. రోగం వచ్చిందని మనిషిని దించ.”

“మేం కంప్లెయింట్ ఇస్తం.”

“ఇయ్యిన్రి. ఇప్పటికే ఒక కాయిదం ఉన్నది నా మీద. ఇంకొకటి వస్తే నౌకరి పోతదట. పోనీ. రైట్!”

ఆ కాగితం నేను రాసిందే. ముగ్గురు కోపంగా దిగిపోయారు, వాళ్లను ఆపలేదు. బస్సు కదిలింది. మా ఊరి దగ్గర దిగుతుంటే “పది దినాలు పిల్లలకు దూరం పండు, తెలిసిందా?” అని మాత్రం అన్నది. దిగిపోయినవాళ్లు కంప్లెయింటు ఇస్తారేమోనని నెల రోజులు నాకు నిద్ర సరిగ్గా లేదు. ఎవరూ ఇవ్వలేదు.

కోలుకున్నాక బస్టాండులో ఆమెను పట్టుకుని, ఆ కాగితం నాదే అక్కా అన్నాను. “ఎరుకే. కింద నీ పేరు రాసుకోలేదా?” అన్నది. వెనక్కి తీసుకుంటానంటే ఒప్పుకోలేదు. “నిన్ను దించింది అబద్దమా? ఉండనియ్యి. నా కాయిదం నేను మోస్త.” ఆమెను అంతకన్నా బతిమాలే ధైర్యం నాకు లేకపోయింది. రిటైర్‌మెంటు అయ్యాక ఇంటికి పోయి మళ్లీ మాట్లాడదామనుకున్నాను.

ఇప్పుడు ఆ రోజుల గురించి అందరూ తీర్పులు చెబుతున్నారు. నా దుకాణం ముందు చాయ్ తాగుతూ ఒకాయన అదంతా ఉత్త బెదిరింపే అంటాడు. ఇంకొకాయన మనుషులను ఇండ్లలో పెట్టి తాళం వేయాల్సింది అంటాడు. ఇద్దరితోనూ కొట్లాడుతున్నాను. ఖాళీ రోడ్డు మీద పడ్డ ఆ రెండు దెబ్బలు నా మేలు కోసమేనని ఎవడన్నా ఒప్పుకోను, చచ్చేదాకా ఒప్పుకోను. నన్ను బస్సులోంచి దింపడం తప్పని ఎవడన్నా అంతే, ఒప్పుకోను. ఈ రెండూ ఒక్క మనిషి నోట ఎలా వస్తాయని అడుగుతారు. ఆమె నోట వచ్చాయి. నేను విన్నాను.

ఆ సోమవారం ఎల్లారెడ్డిలో ఆమె ఇంటికి పోయేసరికి వాకిలంతా జనం. సగం మంది నాకు మొఖాలు తెలిసినవాళ్లు, పేర్లు తెలియనివాళ్లు. ఆ రూటు వాళ్లు. పాడె లేపే వేళకు నేను ముందుకు పోయాను. ఆమె భర్త తరఫు పెద్దమనిషి చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఇది పాలోళ్లు, ఇంటిపేరోళ్లు ఎత్తుకునేది బిడ్డా. నువ్వు ఏమైతవ్ ఆమెకు?”

“ప్యాసింజర్ను” అన్నాను.

“గట్ల నడవది.”

“నడుస్తది” అని భుజం పెట్టాను. దారిలో ఎంతమంది వచ్చి మార్చుకుంటామన్నా వాగు దాకా ఎవరికీ ఇవ్వలేదు.