అల్లుడుగారి నైట్‌ఔట్ డ్యూటీ

1998 జూన్‌లో నన్ను రాజమండ్రి దగ్గర ఒక బస్సు డిపోకి సేఫ్టీ డ్రైవింగ్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. డ్రైవర్లకు మెళకువలు నేర్పడం, యాక్సిడెంటు అయితే కారణం తేల్చడం, ఎవరికి స్టీరింగ్ ఇవ్వచ్చో మేనేజరుకు రాసివ్వడం నా పని. హోదా చిన్నదే కానీ, పక్కన పెట్టిన డ్రైవరు మళ్లీ బండెక్కాలంటే నా సంతకం పడాల్సిందే. ఆ మాట చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

సత్తిబాబు ఆ డిపోలో మంచి డ్రైవరు. అలాంటివాడు ఆ వానాకాలంలో మండపేట సర్వీసును రోజూ ఆలస్యంగా తేవడం మొదలుపెట్టాడు. ఒకరోజు కాలవ గట్టు మీద బండి ఆపేసి, చెమటలు కక్కుతూ కూర్చుండిపోయాడు. జనం దిగి నడిచిపోయారు. డిపోలో అందరూ తాగుడన్నారు. మేనేజరుగారు ఛార్జిషీటు సిద్ధం చేయించారు. అన్‌ఫిట్ అని తేలితే అతనికి స్టీరింగ్ పోయినట్టే, ఉద్యోగం కూడా పోవచ్చు.

తాగినవాడి తోలుడు నాకు తెలుసు, అది ఇంత భయంగా ఉండదు. మేనేజరుగారికి చెప్పి ఛార్జిషీటు ఆపించి, అతన్ని షెడ్డు పనిలో వేయించి, ఖాళీ బస్సులో పక్కన కూర్చుని అదే గట్టు మీద తోలించాను. మేక కనిపిస్తే బ్రేకు. చెట్టు నీడ పడినా బ్రేకే! ఏంటయ్యా ఇది అంటే, బండి పక్కకి తీసి భోరుమన్నాడు.

"పాప పుట్టిందండి. అప్పట్నించీ కాలవ చూస్తే చాలండి, బండి అందులో పడిపోయినట్టే ఉంటోందండి. నిద్దర లేదండి. ఎవరికన్నా చెబితే నవ్వుతారండి."

పాపను ఎన్నిసార్లు ఎత్తుకున్నావని అడిగాను. పురుడు రోజున ఒక్కసారి! భార్య మండపేట దారిలోనే ఒక ఊళ్లో, పుట్టింట్లో ఉంది. మాటిమాటికీ అత్తారింటికి వెళ్తే అల్లుడు చులకనైపోతాడట. అదే ఊరి మీదుగా రోజూ బస్సు తోలుతూ, దిగకుండా పోతున్నాడీ మహానుభావుడు. నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

రాజమండ్రిలో మానసిక వైద్యుడి దగ్గరికి నేనే తీసుకెళ్లాను. బిడ్డ పుడితే తల్లిలాగే తండ్రి మెదడూ మారుతుందనీ, బిడ్డకేమవుతుందోనన్న జాగ్రత్త కొందరిలో హద్దు దాటి జబ్బవుతుందనీ ఆయన చెప్పారు. మందులు రాసి, పాపను వీలైనన్నిసార్లు ఎత్తుకోమన్నారు.

మందులు సరే, అల్లుడి పౌరుషానికి మందేదీ? అతని అత్తారి ఊళ్లో రాత్రికి ఆగి, తెల్లారగానే తిరిగొచ్చే నైట్‌ఔట్ బస్సు ఒకటుంది. నేను పట్టుబట్టి సత్తిబాబును దానికి కాపలాగా వేయించాను. డ్యూటీ మీదొచ్చిన అల్లుణ్ణి ఎవరేమంటారు? ఓసారి చూసొద్దామని వెళ్తే వాళ్ల అత్తగారు నవ్వాపుకోలేకపోయారు.

"మా అల్లుడుగారు బస్సేసుకుని మరీ వస్తున్నారండి. పిల్లకి లాల పోయడం కూడా ఆయనేనండి బాబూ!"

అతనికి నిద్ర పట్టింది. కొన్నాళ్లకు డాక్టరుగారు ఇక బండి తోలచ్చన్నారు. నేను మళ్లీ పరీక్ష పెట్టి ఫిట్ అని రాశాను. పూచీ ఎవరిదండీ అన్నారు మేనేజరుగారు. నాదేనండీ అన్నాను. నా సర్వీసులో అంత గర్వంగా పెట్టిన సంతకం ఇంకోటి లేదు.

ఐదో నెలలో తల్లినీ బిడ్డనూ ఇంటికి తెచ్చుకునే రోజున, సత్తిబాబు వాళ్లను తన బస్సులోనే ఎక్కించి, ఆ కాలవ గట్టు పొడుగునా తనే తోలుకొచ్చాడు. టైముకే వచ్చాడు.

డ్రైవరు తోలుడులో తేడా వస్తే, ఛార్జిషీటుకు ముందు వాళ్లింట్లో ఏం జరిగిందో కనుక్కోవాలని అప్పుడు నేర్చుకున్నాను. బిడ్డ పుట్టిందంటే మిఠాయి తిని ఊరుకోకుండా, నిద్ర పడుతోందా అని రిటైరయ్యేదాకా అడుగుతూనే ఉన్నాను.